బాల్యపు బరువు, బాలుర యౌవనారంభం: తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతం నేపథ్యంగా

బాల్యంలో ఉండే బరువుకూ, మగపిల్లల్లో యౌవనం మొదలయ్యే వయసుకూ మధ్య ఉన్న సంబంధం శిశువైద్యం, పోషకాహార శాస్త్రం, అంతఃస్రావశాస్త్రం అనే మూడింటికీ చెందిన విషయం. వీటిలో చివరిది, రక్తంలోకి నేరుగా హార్మోన్లను వదిలే వినాళ గ్రంథుల గురించిన శాస్త్రం. ఆడపిల్లల్లో ఈ సంబంధం చాలావరకు ఒకే దిశలో సాగుతుంది. బాల్యంలో బరువు ఎక్కువగా ఉన్నకొద్దీ రజస్వల అయ్యే వయసు తగ్గుతుంది. మగపిల్లల్లో అది అంత సూటిగా ఉండదు. తిండి చాలక చిక్కిపోయిన పిల్లలు ఆలస్యంగానూ, వయసుకు మించి కొంత బరువున్న పిల్లలు తోటివారికన్నా ముందుగానూ యౌవనంలో అడుగుపెడతారు. బాగా లావెక్కిన స్థూలకాయుల విషయంలో మాత్రం ముందుగా అని కొన్ని అధ్యయనాలు, ఆలస్యంగా అని మరికొన్ని చెబుతున్నాయి. కరువులను, తుపానులను చూసి, ఆ తరువాత అన్నపూర్ణగా పేరు తెచ్చుకుని, ఇప్పుడు అధిక బరువు సమస్యను కూడా ఎదుర్కొంటున్న కృష్ణా పశ్చిమ డెల్టాలో, అంటే తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణాల చుట్టూ ఉన్న నేలలో, ఈ రెండు కొసలకు చెందిన పిల్లలూ ఒకే బడిలో, ఒకే తరగతిలో కనిపిస్తారు. అందువల్ల ఇక్కడి తల్లిదండ్రులకూ ఉపాధ్యాయులకూ ఈ విషయం నిత్యజీవితానికి సంబంధించినది.

యౌవనారంభ క్రమం

మెదడు అడుగుభాగాన ఉండే హైపోథలామస్ అనే చిన్న కేంద్రం, బాల్యమంతా దాదాపు మౌనంగా ఉండి, ఒక దశలో గొనాడోట్రోపిన్ విడుదల హార్మోన్‌ను విడతలు విడతలుగా, మొదట రాత్రి నిద్రలోనూ తరువాత పగలు కూడా, వదలడం మొదలుపెడుతుంది. దాని ప్రేరణతో పీయూష గ్రంథి రెండు హార్మోన్లను రక్తంలోకి పంపుతుంది. అవి వృషణాలను చేరి, ఒకటి టెస్టోస్టిరోన్ అనే పురుష హార్మోన్ తయారీని, రెండవది వీర్యకణాలకు ఆధారమైన కణజాలపు ఎదుగుదలను నడిపిస్తాయి. ఈ మార్పుకు పైకి కనిపించే తొలి గుర్తు మీసం కాదు, గొంతు మారడం కూడా కాదు. వృషణాల పరిమాణం పెరగడమే. ఆ తరువాత జననాంగాలు ఎదగడం, రోమాలు మొలవడం, పొడవు ఒక్కసారిగా పెరగడం, గొంతు బొంగురు పోవడం, చివరగా నూనూగు మీసాలు రావడం ఒకదాని వెంట ఒకటి జరుగుతాయి. మొదటి గుర్తు నుంచి పూర్తి ఎదుగుదల దాకా సాధారణంగా మూడు నుంచి ఐదేళ్లు పడుతుంది.

ఈ ప్రక్రియ 9 నుంచి 14 ఏళ్ల మధ్య ఎప్పుడు మొదలైనా వైద్యులు దానిని సహజంగానే పరిగణిస్తారు. 9 ఏళ్లకు ముందే మొదలైతే అకాల యౌవనమనీ, 14 నిండినా మొదలుకాకపోతే ఆలస్య యౌవనమనీ అంటారు. పొడవు పెరిగే వేగం ఆడపిల్లల్లో యౌవనం తొలి దశలోనే శిఖరానికి చేరితే, మగపిల్లల్లో అది నడిమి దశలో, సుమారు పదమూడున్నర, పద్నాలుగేళ్ల ప్రాంతంలో వస్తుంది. అప్పుడు ఏడాదికి తొమ్మిది, పది సెంటీమీటర్ల దాకా పెరగడం కద్దు. ఆరు, ఏడు తరగతుల్లో ఆడపిల్లలు మగపిల్లలకన్నా పొడవుగా కనిపించి, తొమ్మిది, పది తరగతులకు వచ్చేసరికి ఆ వరుస తారుమారు కావడానికి కారణం ఇదే.

ఆడపిల్లల్లో మొదటి రుతుస్రావం తేదీతో సహా గుర్తుండిపోయే సంఘటన. కోస్తా జిల్లాల్లో దానికి బంధువులను పిలిచి వేడుక చేసే ఆచారం కూడా ఉంది. మగపిల్లలకు చేసే పంచెల వేడుక వారి దేహంలోని ఏ మార్పునూ బట్టి కాక, బంధువుల వీలునూ ముహూర్తాన్నీ బట్టి జరిగేది. కాబట్టి బాలుడి యౌవనం ఎప్పుడు మొదలైందో చాలా ఇళ్లలో ఎవరికీ తెలియకుండానే గడిచిపోతుంది. పరిశోధకులకు కూడా ఇదే చిక్కు: ఆడపిల్లల గురించి ప్రశ్నావళితో సేకరించగల సమాచారం మగపిల్లల విషయంలో శిక్షణ పొందిన వైద్యుడు స్వయంగా పరీక్షిస్తే తప్ప దొరకదు. ప్రపంచమంతటా బాలుర యౌవనంపై అధ్యయనాలు తక్కువగా ఉండడానికి ముఖ్య కారణం ఇది.

కొలిచే పద్ధతులు

బ్రిటిష్ శిశువైద్యుడు జేమ్స్ టానర్, తన సహచరుడు మార్షల్‌తో కలిసి, ఇంగ్లండులోని ఒక బాలల సదనంలో పెరిగిన పిల్లలను ఏళ్ల తరబడి గమనించి, యౌవనాన్ని ఐదు దశలుగా విభజించాడు. ఆడపిల్లల దశలు 1969లోనూ, మగపిల్లలవి 1970లోనూ వెలువడ్డాయి. టానర్ దశలుగా పేరుపడిన ఈ విభజనే నేటికీ వైద్యుల వాడుకలో ఉంది. వృషణాల పరిమాణాన్ని కొలవడానికి స్విట్జర్లాండుకు చెందిన ఆండ్రియా ప్రాడర్ 1966లో ఒక సాధనాన్ని ప్రవేశపెట్టాడు. అది 1 మిల్లీలీటరు నుంచి 25 మిల్లీలీటర్ల దాకా, క్రమంగా పెద్దవవుతూ పోయే కోడిగుడ్డు ఆకారపు పూసలను ఒక తాడుకు గుచ్చిన దండ. వైద్యుడు ఒక చేత్తో బాలుడి వృషణాన్ని తాకి చూస్తూ, రెండో చేతిలోని పూసల్లో దానికి సరిపోయేది ఏదో పోల్చుకుంటాడు. 1 నుంచి 3 మిల్లీలీటర్ల పూసకు సరిపోతే బాల్యం ఇంకా గడవలేదని, 4 మిల్లీలీటర్ల పూసకు చేరితే యౌవనం మొదలైందని లెక్క. నిమిషంలో ముగిసే ఈ పరీక్షకు రక్తం తీయవలసిన పని లేదు, నొప్పి లేదు; బిడియపడే బాలుడికి ముందుగా విషయం చెప్పి, ఇంటి పెద్దల్లో ఒకరిని దగ్గర ఉంచుకుని చేస్తే చాలు.

బరువును కొలవడంలో కిలోల సంఖ్య ఒక్కటే సరిపోదు, ఎందుకంటే పొడవైన పిల్లవాడు సహజంగానే ఎక్కువ తూగుతాడు. అందుకే కిలోల్లో ఉన్న బరువును మీటర్లలో ఉన్న పొడవుతో రెండుసార్లు భాగించగా వచ్చే బీఎంఐ, అంటే శరీర ద్రవ్యరాశి సూచిని వాడతారు. పెద్దలకు వర్తించే హద్దులు పిల్లలకు పనికిరావు. ప్రతి వయసుకూ వేరే హద్దు ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007 పట్టికల ప్రకారం సరిగ్గా 12 ఏళ్ల బాలుడికి మధ్యస్థ సూచి 17.5, అది 14.5కు తగ్గితే చిక్కిపోయినట్టు, 19.9 దాటితే అధిక బరువు, 23.6 దాటితే స్థూలకాయం. ఈ అంకెలను 150 సెంటీమీటర్ల పొడవున్న బాలుడికి అన్వయిస్తే, సుమారు 39 కిలోలు మధ్యస్థమైన బరువు. 33 కిలోలకన్నా తక్కువైతే తిండి గురించీ జబ్బుల గురించీ విచారించాలి. 45 కిలోలు దాటితే అధిక బరువు, 53 దాటితే స్థూలకాయం. భారతీయ శిశువైద్య అకాడమీ 2015లో మన పిల్లల కోసం ప్రత్యేకంగా పట్టికలను విడుదల చేసింది. తక్కువ బరువు వద్దే మధుమేహపు ముప్పు మొదలయ్యే భారతీయుల దేహతత్వాన్ని దృష్టిలో ఉంచుకుని, పెద్దయ్యాక 23, 27 అనే సూచీలకు దారితీసే రేఖలను వాటిలో హద్దులుగా గీశారు.

బరువు యౌవనాన్ని ప్రభావితం చేసే తీరు

సంతానోత్పత్తికి తగిన శక్తి నిల్వలు దేహంలో ఉన్నాయా లేదా అని మెదడు కనిపెట్టుకుని ఉంటుందన్న ఆలోచన పాతదే. 1970లో రోజ్ ఫ్రిష్, రోజర్ రెవెల్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞులు, ఆడపిల్లలు ఒక నిర్దిష్టమైన బరువును చేరినప్పుడే రజస్వల అవుతారని ప్రతిపాదించారు. ఆ ప్రతిపాదన ఉన్నదున్నట్టుగా నిలవకపోయినా, కొవ్వుకూ మెదడుకూ మధ్య సంకేతం ఏదో ఉండాలన్న అన్వేషణకు దారి చూపింది. 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం న్యూయార్క్‌లో లెప్టిన్ అనే హార్మోన్ జన్యువును కనుగొనడంతో ఆ సంకేతం దొరికింది. కొవ్వు కణాలే తయారుచేసే ఈ హార్మోన్, దేహంలో ఎంత కొవ్వు నిల్వ ఉందో మెదడుకు తెలియజేస్తుంది. పుట్టుకతోనే లెప్టిన్ లేని పిల్లలు విపరీతంగా లావెక్కినా యౌవనంలోకి రారు. ఆ హార్మోన్‌ను మందుగా ఇచ్చినప్పుడు, తగిన వయసు వచ్చిన వారిలో యౌవనం మొదలవుతుంది. అంటే లెప్టిన్ యౌవనానికి అనుమతి ఇచ్చేదే గాని, దానంతట అదే యౌవనాన్ని మొదలుపెట్టేది కాదు. హైపోథలామస్‌ను నేరుగా తట్టిలేపేది కిస్‌పెప్టిన్ అనే మరో రసాయనమని, దాని గ్రాహకం లోపించినవారు యౌవనంలోకి రారని 2003లో తేలింది. తిండి చాలినంత అందుతున్నదన్న సమాచారాన్ని మెదడులోని ఎంసీ3ఆర్ అనే గ్రాహకం యౌవనపు గడియారానికి చేరవేస్తుందని 2021లో వెల్లడైంది.

ఒంటిలో కొవ్వు కొంత ఎక్కువగా ఉన్న బాలుడిలో లెప్టిన్‌తోపాటు ఇన్సులిన్, దానిని పోలిన ఎదుగుదల కారకాలు కూడా ఎక్కువగా ఉంటాయి. అందువల్ల అతడు ఎనిమిది, తొమ్మిదేళ్లకే తోటివారికన్నా పొడవుగా కనిపిస్తాడు, ఎముకల వయసు అసలు వయసును మించిపోతుంది, యౌవనం కొన్ని నెలలు ముందుగా వస్తుంది. అయితే యౌవనంలో అతడు పెరిగే పొడవు మిగతావారికన్నా తక్కువ కావడంతో చివరికి అందరితో సమానంగానో, కొంచెం తక్కువగానో నిలిచిపోతాడు.

కొవ్వు మరీ ఎక్కువైనప్పుడు వేరొక ప్రక్రియ రంగంలోకి వస్తుంది. కొవ్వు కణజాలంలో ఆరోమటేజ్ అనే ఎంజైము ఉంటుంది. అది టెస్టోస్టిరోన్‌ను ఈస్ట్రోజన్ అనే స్త్రీ హార్మోన్‌గా మారుస్తుంది. ఈస్ట్రోజన్ మెదడును చేరి, వృషణాలకు వెళ్లే ఆదేశాలను తగ్గిస్తుంది. దీనికి తోడు ఇన్సులిన్ పనితీరు మందగించడం, దేహంలో నిత్యం కొనసాగే స్వల్ప వాపు, గురకతో కూడిన అస్తవ్యస్తపు నిద్ర కూడా పురుష హార్మోన్ల తయారీని దెబ్బతీస్తాయని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. స్థూలకాయులైన కౌమార బాలుర రక్తంలో టెస్టోస్టిరోన్, సాధారణ బరువున్న ఈడు పిల్లలకన్నా 40 నుంచి 50 శాతం తక్కువగా ఉందని 2013లో ప్రచురితమైన ఒక అమెరికన్ అధ్యయనం చూపింది. లావుగా ఉన్న మగపిల్లల్లో యౌవనం ముందుగా మొదలై కూడా నెమ్మదిగా సాగడం, లేదా ఆలస్యంగా మొదలవడం ఎందుకు సంభవిస్తుందో ఈ యంత్రాంగం కొంతవరకు వివరిస్తుంది.

ప్రపంచ అధ్యయనాలు

డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో బాలుర యౌవనారంభపు సగటు వయసు 1991–93లో 11.92 ఏళ్లు కాగా, 2006–08 నాటికి 11.66కు తగ్గిందని, ఈ తగ్గుదలకు పెరిగిన బరువుతో సంబంధం ఉందని 2010లో వెల్లడైంది. అదే నగరంలోని గాయక బాలుర పాఠశాలలో గొంతు మారే వయసు 1994 నుంచి 2003 లోపల 14.0 నుంచి 13.7 ఏళ్లకు తగ్గింది. ఎనిమిదేళ్ల వయసులో బరువు ఎక్కువగా ఉన్న పిల్లల గొంతు ముందుగా మారింది. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో 1947–1996 మధ్య పుట్టిన బాలుర పాఠశాల రికార్డులను పరిశీలించినప్పుడు, పొడవు పెరుగుదల శిఖరానికి చేరే వయసు దశాబ్దానికి సుమారు నెలన్నర చొప్పున తగ్గుతూ వచ్చిందని, ఆ మార్పులో కొంత భాగానికే బాల్యపు బరువు కారణమని 2019లో తేలింది. రెండు లక్షలకు పైగా పురుషుల జన్యువులను పరిశీలించిన 2020 నాటి మరో అధ్యయనం, గొంతు మారే వయసుతో ముడిపడిన 76 జన్యుస్థానాలను గుర్తించి, బరువును పెంచే జన్యువులు యౌవనాన్ని ముందుకు తెచ్చే దిశలో పనిచేస్తాయని సూచించింది.

అమెరికా నుంచి వచ్చిన ఫలితాలు ఇంతకు భిన్నంగా ఉన్నాయి. సుమారు 400 మంది బాలురను పసితనం నుంచి గమనించిన 2010 నాటి అధ్యయనంలో, ఎప్పుడూ ఎక్కువ బరువుతోనే పెరిగిన పిల్లలు పదకొండున్నర ఏళ్లకు యౌవనం మొదలుకాని వారిలో ఎక్కువగా ఉన్నారు. నాలుగు వేలమందికి పైగా బాలురను వైద్యులు స్వయంగా పరీక్షించిన సమాచారం 2012లో ప్రచురితమైంది. దానిని 2016లో తిరిగి విశ్లేషించినప్పుడు, అధిక బరువున్నవారు సాధారణ బరువున్నవారికన్నా ముందుగా, స్థూలకాయులు మాత్రం ఆలస్యంగా యౌవనంలోకి వచ్చారని కనిపించింది. డెన్మార్క్‌లో 2020లో వెలువడిన అధ్యయనం స్థూలకాయుల్లో కూడా యౌవనం ముందుగానే వస్తున్నదని తేల్చింది. స్థూలకాయానికి పెట్టుకున్న హద్దు, వృషణాలను తాకి చూశారా లేక పైకి చూసి అంచనా వేశారా అన్నది, పిల్లల జాతి నేపథ్యం, ఎంత తీవ్రమైన స్థూలకాయులు ఆ గుంపులో ఉన్నారు అన్నవి ఈ భేదాలకు కారణాలు కావచ్చు. చాలా అధ్యయనాలు ఏకీభవించే అంశం ఒకటుంది: సాధారణ బరువు నుంచి అధిక బరువు వరకు, బరువు పెరిగినకొద్దీ బాలుర యౌవనం కొంత ముందుగా వస్తుంది.

తెలుగు నేలపై లభించిన ఆధారాలు

ఈ సంబంధపు రెండో కొసను, అంటే తిండి చాలని పిల్లల యౌవనాన్ని, ప్రపంచానికి చూపిన ముఖ్యమైన అధ్యయనాల్లో కొన్ని తెలుగు గ్రామాల్లోనే జరిగాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ మూలాలు 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ కూనూరులో ప్రారంభించిన బెరిబెరి విచారణ కేంద్రంలో ఉన్నాయి. కోస్తాంధ్ర జిల్లాల్లో మరపట్టిన తెల్లబియ్యం తినేవారిని ఆ కాలంలో బెరిబెరి పీడించేది. సంస్థ 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో ఇప్పటి పేరు పొందింది. ఆ సంస్థకు చెందిన కె. సత్యనారాయణ, నాదముని నాయుడు, బి.ఎస్. నరసింగరావు హైదరాబాదు చుట్టుపక్కల పల్లెల బాలురను చిన్ననాటి నుంచి యౌవనం దాకా గమనించి, 1980లో తమ ఫలితాలను ప్రకటించారు. ఐదేళ్ల వయసుకే పొడవులో బాగా వెనకబడిన పిల్లల్లో యౌవనపు ఎదుగుదల ఆలస్యంగా మొదలైంది. అయినా ఆ దశలో వారు పెరిగిన మొత్తం పొడవు మిగతావారితో దాదాపు సమానంగానే ఉంది. అంటే ఆలస్యంగా వచ్చిన యౌవనం వారి ఎదుగుదలను ఇంకా తగ్గించలేదు, కానీ ఐదేళ్లలోపే జరిగిపోయిన నష్టాన్ని పూడ్చనూ లేదు. ఆ లోటుతోనే వారు పొట్టివారుగా పెద్దవారయ్యారు. బాలుడి యౌవనానికి పునాది పదమూడో ఏట కాక, పాలు మానిన తొలి ఏళ్లలో పడుతుందని ఈ ఫలితం సూచించింది.

1987–90 మధ్య హైదరాబాదుకు సమీపంలోని 29 గ్రామాల్లో, కొన్నింటిలో గర్భిణులకూ ఆరేళ్లలోపు పిల్లలకూ అంగన్‌వాడీ ద్వారా అదనపు ఆహారం అందించి, మిగతా గ్రామాలతో పోల్చిన పరీక్ష మరొకటి. ఆ పిల్లలను 13–18 ఏళ్ల వయసులో మళ్లీ పరీక్షించినప్పుడు, అదనపు ఆహారం అందినవారు సగటున 14 మిల్లీమీటర్ల పొడవు ఎక్కువగా ఉన్నారని, వారి ఒంట్లో కొవ్వు పెరగలేదని, ఇన్సులిన్ పనితీరు మెరుగ్గా ఉందని 2008లో వెల్లడైంది. మంచి తిండి వల్ల పిల్లలు లావెక్కుతారన్న భయం అక్కరలేదని, సరైన వయసులో సరైన మోతాదులో అందిన తిండి పొడవుగా మారుతుందని ఇది తెలిపింది.

తిండి చాలక పెరిగిన పిల్లలకు తరువాత సమృద్ధిగా తిండి దొరికితే ఏమవుతుందో దత్తత పిల్లల అధ్యయనాలు చెబుతాయి. భారతదేశం నుంచి స్వీడన్‌కు దత్తు వెళ్లిన ఆడపిల్లలు సగటున 11.6 ఏళ్లకే రజస్వలయ్యారని 1991లో తేలింది; బక్కచిక్కి ఉన్న పిల్లలకు ఒక్కసారిగా సమృద్ధిగా తిండి దొరికినప్పుడు దేహం త్వరపడుతుందని పరిశోధకులు దానికి అర్థం చెప్పారు. తక్కువ బరువుతో పుట్టి, తరువాత వేగంగా ఒళ్ళు చేసే పిల్లలు ఎక్కువగా ఉన్న మన దేశంలో, ఈ సంగతి మగపిల్లల విషయంలో కూడా గమనించదగ్గది. పుట్టినప్పుడు సన్నగా కనిపించినా భారతీయ శిశువుల్లో కొవ్వు పాలు ఎక్కువని పుణెలో యాజ్ఞిక్ అనే వైద్య పరిశోధకుడి బృందం చూపింది.

డెల్టా నేపథ్యం

తెనాలి గుంటూరు జిల్లాలోనూ, బాపట్ల, రేపల్లె 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన బాపట్ల జిల్లాలోనూ ఉన్నాయి. అంతకు ముందు మూడూ గుంటూరు జిల్లావే. 1832–33 నాటి డొక్కల కరువులో గుంటూరు ప్రాంతపు జనాభాలో పెద్ద భాగం తుడిచిపెట్టుకుపోయింది. ఆ తరువాత 1855లో విజయవాడ వద్ద ఆనకట్ట పూర్తయి, పశ్చిమ కాలువల నీరు తెనాలి, రేపల్లె, బాపట్ల మాగాణులకు చేరింది. వరి ఈ నేలకు ప్రాణమైంది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన రేపల్లె, బాపట్ల తీరగ్రామాలను కూడా అతలాకుతలం చేసింది. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం పథకం వచ్చాక, పేదవాడి కంచంలో అన్నానికి లోటు చాలావరకు తగ్గింది. అయితే అన్నంతో పాటు ఉండవలసిన పప్పు, పాలు, గుడ్డు, ఆకుకూర అదే నిష్పత్తిలో పెరగలేదు. కడుపు నిండినా మాంసకృత్తులు, ఇనుము, జింకు చాలని పిల్లవాడు పొట్టిగా మిగిలిపోవడానికి ఇది దారితీస్తుంది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 2019–21లో ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్లలోపు పిల్లల్లో 31 శాతం మంది వయసుకు తగిన పొడవు లేనివారే. ఆ లెక్క 2015–16లో ఉన్నదానికన్నా దాదాపు మారలేదు. అదే సమయంలో అధిక బరువున్న పసిపిల్లలు 1.2 శాతం నుంచి 2.7 శాతానికి పెరిగారు. హైదరాబాదులో 12–17 ఏళ్ల పిల్లలపై 2007లో ప్రచురితమైన పోషకాహార సంస్థ అధ్యయనం, సుమారు ఏడు శాతం మందిలో అధిక బరువును చూసి, టీవీ ముందు గంటలు గడిపేవారిలో అది ఎక్కువనీ, బయట ఆటలు ఆడేవారిలో తక్కువనీ తెలిపింది.

ఈ అంకెల వెనక ఉన్న జీవనం డెల్టా ఊళ్లలో స్పష్టంగా కనబడుతుంది. నిజాంపట్నం తీరాన వేటకు వెళ్లే కుటుంబాల్లో, కృష్ణ ఒడ్డు లంక గ్రామాల కూలి కుటుంబాల్లో, పదమూడేళ్ల బాలుడు ఎనిమిదో తరగతి చదువుతూనే సెలవు రోజుల్లో పనికి వెళతాడు. అతడి ఒంట్లోకి చేరే తిండి ఎదుగుదలకన్నా పనికే ఎక్కువగా ఖర్చవుతుంది. తెనాలిలో, బాపట్లలో తల్లిదండ్రులు చదువుకోసం ఫీజులు కట్టి పంపే బాలుడు తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా బెంచీ మీదే కూర్చుంటాడు; సాయంత్రం ట్యూషన్‌కూ ట్యూషన్‌కూ మధ్య బండి మీద నూడుల్సో, ఫ్రైడ్ రైసో, పునుగులో తిని, చల్లని తియ్యని పానీయం తాగుతాడు; ఆటస్థలం లేకపోవడమో, సమయం లేకపోవడమో అతడి ఆటను మింగేస్తుంది; నిద్ర ఆరు గంటలకు మించదు. మొదటి బాలుడి యౌవనం ఆలస్యం కావడానికి, రెండో బాలుడిది ముందుగానో ఆలస్యంగానో క్రమం తప్పడానికి ఇవే నేపథ్యాలు.

పొరబడే సందర్భాలు

లావుగా ఉన్న బాలుడి పొత్తికడుపు కింది కొవ్వులో జననాంగం కూరుకుపోయి చిన్నగా కనిపిస్తుంది. తల్లిదండ్రులు దానిని ఎదుగుదల లోపమనుకుని భయపడతారు, కొందరు దొరికిన మందులు వాడిస్తారు. చాలాసార్లు కొలత తీసి చూస్తే పరిమాణం సహజంగానే ఉంటుంది. ఇలాంటి పిల్లల ఛాతీ కొవ్వుతో ఉబ్బి ఉంటే దానిని యౌవనంలో కొందరు బాలురకు తాత్కాలికంగా వచ్చే స్తనవృద్ధిగా పొరబడడం కూడా కద్దు. చెమట వాసన రావడం, చంకల్లో, కింది భాగంలో రోమాలు మొలవడం అధివృక్క గ్రంథుల ప్రభావం వల్ల కావచ్చు. అధిక బరువున్న పిల్లల్లో ఇది ఏడెనిమిదేళ్లకే కనిపించవచ్చు, కానీ వృషణాలు పెరగనంతవరకు అది అసలైన యౌవనం కాదు.

మరొక పొరపాటు మరింత ప్రమాదకరమైనది. తొమ్మిదేళ్లలోపు బాలుడిలో యౌవన చిహ్నాలు కనిపిస్తే, 'లావు వల్లే' అని సరిపెట్టుకోరాదు. మగపిల్లల్లో ఇంత ముందుగా యౌవనం రావడానికి మెదడులో కణితి వంటి నిజమైన కారణం ఉండే అవకాశం ఆడపిల్లలకన్నా ఎక్కువ. అలాగే 14 ఏళ్లు నిండినా వృషణాలు పెరగని బాలుడిని 'చిన్నప్పటి నుంచీ బక్కవాడే' అని వదిలేయడం తగదు. తలసీమియా, మూత్రపిండాల వ్యాధి, క్షయ, పేగుల వ్యాధులు ఎదుగుదలను ఆపుతాయి. అయితే ఇలా ఆలస్యమయ్యే బాలురలో ఎక్కువమంది తండ్రీ మేనమామలూ ఆలస్యంగానే ఎదిగినవారి సంతానం. వారికి అవసరమయ్యేది ఓపికే. మొదలైన యౌవనం ఐదేళ్లు గడిచినా పూర్తికాకపోతే కూడా పరీక్ష అవసరం. ఎడమ చేతి ఎక్స్‌రే చూసి ఎముకల వయసు అంచనా వేయడం, ఉదయం రక్తంలో హార్మోన్లు కొలవడం ఇలాంటి సందర్భాల్లో వైద్యులు తీసుకునే మొదటి అడుగులు. గుంటూరు పెద్దాసుపత్రి, మంగళగిరిలోని ఎయిమ్స్ ఈ మూడు పట్టణాలకూ అందుబాటులో ఉన్న ప్రభుత్వ వైద్య కేంద్రాలు.

పాఠశాల, ఇల్లు, ప్రభుత్వం

2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు బడికి వచ్చి పిల్లల బరువు, పొడవు కొలుస్తాయి; 2014 నాటి కౌమార ఆరోగ్య కార్యక్రమంలో వయసు మార్పులపై సలహాలు ఇచ్చే కేంద్రాలు భాగం. ఆంధ్రప్రదేశ్‌లోని మధ్యాహ్న భోజన పథకంలో గుడ్లు, వేరుశనగ చిక్కీ, రాగి జావ చేరడం పోషణ దృష్ట్యా మేలైన మార్పు. కొలతలు రిజిస్టరులో రాసి మూసివేయకుండా, ప్రతి బాలుడికీ తన ఎదుగుదల రేఖను చూపి ఇంటికి పంపినట్లయితే వాటి విలువ ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఆరు నెలలకొకసారి గోడ మీద గీత పెట్టి పొడవు రాసుకోవడం ఏ ఇంట్లోనైనా సాధ్యమే; ఏడాదికి నాలుగు సెంటీమీటర్లకన్నా తక్కువ పెరిగే పాఠశాల పిల్లవాడినీ, పొడవుకన్నా బరువే వేగంగా పెరిగే పిల్లవాడినీ వైద్యుడికి చూపడం మంచిది.

చికిత్సగా చేయవలసింది పిల్లల విషయంలో కఠినమైన పథ్యం కాదు. పెరుగుతున్న బాలుడికి బరువు నిలకడగా ఉంచి పొడవు పెరగనిస్తే సూచి దానంతట అదే తగ్గుతుంది. అన్నం పాలు కొంత తగ్గించి పప్పు, కూర, పెరుగు పెంచడం, తియ్యని పానీయాలు మానడం, రోజుకు ఒక గంట చెమట పట్టేలా ఆడడం, ఎనిమిది గంటలకు తగ్గకుండా నిద్రపోవడం దానికి మార్గాలు. బరువు తగ్గిన స్థూలకాయ కౌమారుల్లో టెస్టోస్టిరోన్ తిరిగి పెరిగిందని అధ్యయనాలు చూపాయి. చిక్కిపోయిన బాలుడికైతే వెనకబడిన పోషణను పూడ్చడం, పనిభారాన్ని తొలగించడం, దాగి ఉన్న జబ్బును వెతకడం అవసరం.

యౌవనం ముందో వెనకో రావడం ఏ బాలుడి తప్పూ కాదు; మగతనానికి అది కొలత కూడా కాదు. ఏడో తరగతిలో మీసం మొలిచినవాడిని పెద్దవాడిగా చూసి బాధ్యతలు మోపడం, తొమ్మిదో తరగతిలో గొంతు మారనివాడిని తోటివారు ఎగతాళి చేయడం రెండూ ఆ వయసు పిల్లలను గాయపరుస్తాయి. డెల్టా పిల్లల్లో తిండి తక్కువైనవారికీ ఎక్కువైనవారికీ అవసరం ఒకటే: ఐదేళ్లలోపు చాలినంత, మేలైన ఆహారం, ఆ తరువాత ప్రతి ఏటా నమ్మకంగా తీసిన కొలత, అనుమానం వచ్చినప్పుడు సిగ్గుపడకుండా వైద్యుడిని చేరే దారి. ఈ మూడింటినీ ఇల్లు, బడి, ఆసుపత్రి కలిసి అందించగలిగితే, బాలుడి యౌవనం ఎప్పుడు వచ్చినా అతడి ఆరోగ్యానికి ముప్పు తేకుండా వస్తుంది.